ఇంటికి చుట్టే షీటు కింద ఒక రాత్రి

"సారీ అండీ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను," అన్నది వెర్లీన్ ఏకర్స్.

ఆమె ఆ మాట అన్నది తనను వానలోకి గెంటుతున్న మనిషితో. వేడెక్కీ వేడెక్కని నీళ్లు గడ్డిలో పారబోసి, తను కట్టుకున్న గుడారం తాళ్లు తనే విప్పుకుంటూ అన్నది. తప్పు చేసినవాడు నిలబడి చూస్తున్నాడు, తప్పు చేయని మనిషి క్షమాపణ చెబుతోంది.

అక్టోబరు శనివారం, పొద్దు వాలే వేళ. హార్న్‌బీమ్ కొండ మీది అడవి మా లోమాక్స్ కౌంటీది, అంటే మనందరిదీ. మన పన్నులతో కొన్నది. నడిచి ఎక్కివచ్చినవాళ్లు ఎవరైనా ఒక రాత్రి ఉచితంగా పడుకోవచ్చని పైన చదునులో బోర్డు కూడా పాతి ఉంది. వెర్లీన్ ఆ బోర్డుకి దగ్గర్లోనే పడక వేసుకుంది. ఆమెకి అవతల, నాలుగు చెట్ల దూరంలో, రిచ్‌మండ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు అచ్చం అలాంటి గుడారమే వేసుకున్నారు. అదే ఆకారం, అదే తెలుపు. అక్కడా రెండు నడకకర్రలే గుంజలు, ఇక్కడా రెండు నడకకర్రలే గుంజలు. తేడా ఒక్కటే. వాళ్లది దుకాణంలో కొన్నది, ఈమెది కుట్టుకున్నది.

అడవి గార్డు డెరెల్ సోవర్స్ ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాడు.

"బాగా కుదిరిందా సార్? ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి, తిండి సంచీ చెట్టుకి ఎత్తుగా కట్టుకోండి. అబ్బ, ఏం గుడారమండీ! దూదిలా ఉంది." అలా కాసేపు కబుర్లు చెప్పి, ఈవైపు తిరిగాడు. గొంతు మారిపోయింది.

"ఏమమ్మా, సర్దెయ్ ఇక."

"ఏమైందండీ?"

"ఇక్కడ పడుకోకూడదు. ఎండాకాలంలోనే రూల్ మారింది."

"ఒక రాత్రి ఉండొచ్చని అదుగో ఆ బోర్డు మీద..."

"అది నడకకి వచ్చినవాళ్లకి."

"నేనూ నడిచే వచ్చానండీ."

డెరెల్ కిందకి చూశాడు. పిల్లితిండి డబ్బాకి చుట్టూ చిల్లులు పొడిచి చేసిన పొయ్యి. కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు. ఇళ్లు కట్టేటప్పుడు పలకల గోడల మీద చుడతారే, ఆ తెల్ల షీటుతో కప్పు. అతనికి కావలసింది కనిపించింది.

"గుర్తింపు కార్డేదన్నా ఉందా?"

"ఇంట్లో ఉందండీ."

"ఓహో, ఇంట్లోనా. కారేదీ?"

"తేలేదు. మా స్నేహితురాలు కింద దింపి వెళ్లింది."

"రోజూ వింటూనే ఉన్నాను తల్లీ. ఒక్కొక్కరికి ఒక్కో స్నేహితురాలు. చూడు, నిన్ను జైల్లో పెట్టాలని నాకేం సరదా లేదు. టౌన్లో చర్చి వాళ్లు సూప్ పోస్తారు, అక్కడికి పో. మళ్లీ ఏడాది దాకా ఈ కొండ మీద కనిపించకు."

ఏడాది నిషేధం అని కాగితం చేతిలో పెట్టాడు. ఆమె సారీ చెప్పి, సంచీ భుజాన వేసుకుని, ఆ వానలో జారుడు బాట పట్టి కిందకి దిగింది. ఊరి చివర ఇంటికి చేరేసరికి నానిపోయిన బూట్లలో కాళ్లు తెల్లగా ముడుచుకుపోయాయట. జరిగినదాని గురించి ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

ఆమె దగ్గర కార్డు ఎందుకు లేదో చెప్పాలి. మా డన్మోర్ గ్యాప్ ఊళ్లో కొండలెక్కి నడిచేవాళ్లకి అది చెప్పక్కర్లేదు. కానీ ఆ రూల్ రాసినవాళ్లలో ఒక్కడూ నడిచేవాడు లేడు.

సంచీ బరువు తగ్గించుకోవడంలో మావాళ్ల పిచ్చి మీకు తెలుసు కదా. వంటింటి తక్కెడ మీద సాక్సులు తూస్తాం. టూత్‌బ్రష్ పిడి సగానికి విరుస్తాం. చొక్కాకి వెనక కుట్టిన పట్టీలు కత్తిరిస్తాం. వెర్లీన్ తన తోలు పర్సును తూచి చూసి, "దీన్ని మోసేకంటే ఇంకో గుప్పెడు వేరుశనగ ముద్ద మోసుకుంటా, కొండ మీద నా ముఖం నాకు గుర్తే," అనేది. ఎన్నో ఏళ్లుగా ఆమె పర్సు ఇంట్లోనే వదిలి వెళుతోంది. మాలో చాలామందిమి అదే చేస్తాం. ఎలుగుబంటి కార్డు అడగదు. గార్డు అడుగుతాడని, అడిగి కొందరినే ఆపుతాడని మాకెవరికీ తట్టలేదు.

ఆమెకి ఈ తేలిక సంచీ సరదా కొద్దీ అలవాటైంది కాదు. ఆమె వృద్ధాశ్రమం లాండ్రీలో పని చేస్తుంది. తడిసిన దుప్పట్లు పెద్ద పెద్ద డ్రమ్ముల్లోంచి లాగి లాగి నడుము పోయింది. బరువు ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. ఉద్యోగమే బరువులెత్తడం అయితే ఆ సలహాని ఏం చేసుకుంటుంది? పని దగ్గర ఎత్తక తప్పదు కాబట్టి, సెలవు రోజున ఎత్తేది తగ్గించుకుంది.

మా ఊరి మీదుగా నెలల తరబడి దూరాలు నడిచేవాళ్లు పోతుంటారు. వాళ్ల దగ్గర ఒక్కొక్కటీ చూసి నేర్చుకుంది. వీపుసంచీ పాత పారాచూట్ గుడ్డతో కుట్టుకుంది. పరుపుకి బదులు స్పాంజి చాపను భుజాల నుంచి తుంటి దాకానే ఉంచి మిగతాది కోసేసింది, కాళ్ల కింద ఖాళీ సంచీ వేసుకుంటుంది. నిద్ర సంచీకి అడుగు భాగం ఎలాగూ ఒంటి కింద నలిగిపోయి వెచ్చదనం ఇవ్వదని, పైకి మాత్రం కప్పుకునే బొంత కుట్టుకుంది. వాళ్లమ్మ నేర్పిన కుట్టే, ముక్కలు మాత్రం వేరు. ఇక ఆ తెల్ల షీటు ఇళ్లు కట్టేచోట పారేసే చుట్టల్లోంచి తెచ్చింది. కొత్తలో అది చిప్స్ పొట్లంలా కరకరలాడుతుంది, కింద పడుకున్నవాళ్లకి నిద్ర పట్టదు. సబ్బు వేయకుండా రెట్టా దుకాణం వాషింగ్ మెషీన్‌లో తిప్పితే మెత్తబడుతుందని కనిపెట్టింది కూడా ఈమే. నానితే ఆరిపోతుంది, చిరిగితే టేపు వేస్తే సరి.

రెట్టా ఆమెకి చిన్ననాటి స్నేహితురాలు. మెయిన్ వీధిలో నాణేలు వేస్తే తిరిగే బట్టల మెషీన్ల దుకాణం ఆమెదే. ఆ దుకాణం అరుగు మీదే వెర్లీన్‌కి టిన్నీ అన్న పేరు వచ్చింది. మాలో పేరు ఎవరూ తమకి తాము పెట్టుకోకూడదు, తోటివాళ్లు పెట్టాలి. పిల్లితిండి డబ్బాలు కోసి పొయ్యిలు చేసి అడిగినవాళ్లకల్లా ఇచ్చేది, అందుకని టిన్నీ.

ఆదివారాలు ఆ అరుగు చూడాలి! బరువు సంచీలతో వచ్చిన కొత్తవాళ్లు బట్టలు తిరిగేదాకా కూర్చుంటారు. టిన్నీ వాళ్ల సంచీ నేల మీద కుమ్మరించి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటుంది.

"ఇదేంటి నాయనా?"

"పెనం."

"ఇనప పెనమా! ఎవర్నన్నా కొట్టడానికి పోతున్నావా?"

"బేకన్ వేయించుకుందామని..."

"ఒక్క రాత్రి బేకన్ లేకుండా ఉండలేవా? ఆ షాంపూ సీసా ఏంటి, కొండ మీద పెళ్లిచూపులా?"

రెట్టా లోపల్నుంచి కేకేస్తుంది: "ఒసే, వాణ్ణి ఏడిపించకు, మెషీన్లో ఇంకా డబ్బులేయలేదు వాడు!"

వదిలేసిన సామానంతా అరుగు మూల ఉన్న అట్టపెట్టెలోకి పోతుంది. కావలసినవాళ్లు అందులోంచి తీసుకుంటారు. మాకదే ఆచారం. నాకు బరువైంది నీకు అవసరం కావచ్చు, ఎవరిదని అడిగేది లేదు.

నెలలో ఒక శనివారం రాత్రి వెర్లీన్‌కి సెలవు. ఆ రాత్రి తప్పితే ఆమె జీవితంలో తనదనే రాత్రి లేదు. లాండ్రీలో బజర్ మోగితే డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాలి, వార్డులో బజర్ మోగితే దుప్పటి పట్టుకుని పరిగెత్తాలి. ఇంట్లో కూడా నిద్రలో బజర్ వినిపించి లేచి కూర్చుంటుంది. హార్న్‌బీమ్ కొండ మీద ఆ తెల్ల షీటు కింద, బంగాళాదుంప పొడి కలిపిన ముద్ద తిని, బూట్లు విప్పుకుని పడుకున్నప్పుడు మాత్రమే వినిపించదట. "అక్కడ నాకు చెవులు మళ్లీ వస్తాయి," అనేది. ఆ డెరెల్ ఆ సాయంత్రం చేత్తో ఎత్తి పారేసింది దాన్నే. పన్నెండు శనివారాలు. ఏముందిలే అనుకునేవాళ్లు, తమకి నెలకి ఎన్ని రాత్రులు తమవో ఒకసారి లెక్కేసుకోండి.

ఈ సంగతి బయటపడ్డది ఆ మర్నాడు ఆదివారమే, అదీ అనుకోకుండా.

రిచ్‌మండ్ ఆయన, పేరు మెరిక్, తడిసిన బట్టలు ఆరబెట్టుకోవడానికి రెట్టా దుకాణానికి వచ్చాడు. అరుగు మీద తాడుకి తెల్ల షీటు వేలాడుతోంది. దాన్ని చూసి ఆగిపోయాడు.

"ఈ షీటు ఎవరిదండీ?"

"మా టిన్నీది. ఏం, కొంటావా? అమ్మదు," అంది రెట్టా.

"ఆవిడ బాగానే ఉందా? రాత్రి ఇంటికి చేరిందా?"

రెట్టా చేతిలో బట్టల బుట్ట కింద పెట్టింది. "బాగుండకేం? వాన పెద్దదైందని దిగొచ్చేశానంది. నువ్వెవరు?"

మెరిక్ చెప్పాడు. గార్డు అన్న ప్రతి మాటా చెప్పాడు. ఆమె సారీ అన్న సంగతి కూడా.

"నువ్వు నాలుగు చెట్ల అవతల ఉన్నావు, ఇదంతా వింటూ?"

"విన్నాను."

"మరి నీ నోట్లో ఏముంది, దుంప ముద్దా?"

మెరిక్ తల దించుకున్నాడు. అంతా అయ్యాక మాటలు దొరికాయన్నాడు. అప్పటికి ఆమె చెట్ల మధ్య కనిపించలేదట. మంచివాడే, నేనేమీ కాదనను. కానీ మంచివాళ్లకి మాట ఆలస్యంగా దొరికే జబ్బు ఉన్నంతకాలం డెరెల్ లాంటివాళ్ల పని సులువు.

రెట్టా ఆ షీటు తాడు మీంచి లాగి, దుకాణానికి తాళం కూడా వేయకుండా వెర్లీన్ ఇంటికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"వానా? వాన పడిందని దిగొచ్చావా? నా మొహం మీదే చెప్పావే ఆ అబద్ధం!"

వెర్లీన్ చిక్కుడు గింజలు ఉడకబెడుతోంది. గరిటె ఆపలేదు. "వాన పడింది కదా."

"వాడు నిన్ను దిక్కులేనిదనుకున్నాడు!"

"అనుకోనీలే."

"అనుకోనీలే ఏంటే! ఫర్నేస్ వీధిలో నాకు ఇల్లుందిరా వెధవా అని చెప్పడానికి నోరు రాలేదా?"

అప్పుడు గరిటె ఆగింది. "చెప్తే ఏమయ్యేది రెట్టా? ఓ, ఇల్లుందా, అయితే సరే, ఇల్లు లేనివాళ్లనే కదా నేను గెంటేది, అనేవాడు. నేను తలూపి పడుకునేదాన్ని. అంతేనా?"

"అంతే! నీకు కావల్సింది అంతేగా!"

"ఆ చలికాలం మర్చిపోయావా?"

మా ఊళ్లో ఓ వయసు దాటినవాళ్లెవరూ ఆ చలికాలం మర్చిపోలేదు. కుర్చీలు, బల్లలు చేసే ఫ్యాక్టరీ మూతబడ్డ ఏడాది. వెర్లీన్ మొగుడు అంతకుముందే వెళ్లిపోయాడు. వెర్లీన్, ఆమె కూతురు కారులో బతికారు. ఒకచోట ఆపితే పోలీసులు అద్దం మీద టార్చితో కొట్టి, ఇక్కడ ఉండకూడదమ్మా అనేవాళ్లు. ఆమె సారీ అనేది, ఇంకో చోటికి తోలుకుపోయేది. అప్పుడు రెట్టా దుకాణంలో బట్టలారబెట్టే డ్రయ్యర్ల పక్కన, ఆ వేడికి కూర్చుని, ఆ పిల్ల హోంవర్కు చేసుకునేది. చదువుకుని ఇవాళ పక్క కౌంటీలో బస్సు నడుపుతోంది. ఆ సారీ మాత్రం తల్లి నోట్లో అప్పటి నుంచి అలాగే ఉండిపోయింది.

"నేను వాళ్లలాంటిదాన్ని కాదని ఎలా చెప్పనే?" అంది వెర్లీన్. "నేను వాళ్లే కదా."

రూల్ ఎవరి కోసం వచ్చిందో అందరికీ తెలుసు. కిందటి వసంతంలో ఏటి పక్క, చక్రాల ఇళ్లలో జనం కాపురముండే ట్రెయిలర్ల స్థలం అమ్ముడుపోయింది. అక్కడ ఉండేవాళ్లలో కొందరికి పోవడానికి చోటు లేక హార్న్‌బీమ్ అడవిలో టార్పాలిన్లు కట్టుకున్నారు. కొండకి అవతల వైపు కొత్తగా కట్టిన ఖరీదైన విడిది ఇళ్లవాళ్లు కిటికీల్లోంచి నీలం టార్పాలిన్లు కనిపిస్తున్నాయని గోల చేశారు. కౌంటీని నడిపే పాలకబోర్డు వెంటనే కదిలింది. మా బడి కప్పు కారుతోందని చెప్పినప్పుడు ఇంత వేగం లేదు. 'చేతికందిన సామానుతో వేసుకున్న నీడలు' అడవిలో నిషేధం అని రాసుకున్నారు. ఏం మాటండీ అది? మనిషి నెత్తిన నీడ వేసుకోవడం తప్పు కాదట, చేతికందినదానితో వేసుకోవడం తప్పట.

రెట్టా, మెరిక్ కలిసి వెర్లీన్‌ని ఒప్పించి బోర్డు ముందుకి తీసుకెళ్లారు. కౌంటీ ఆఫీసు హాలు నిండిపోయింది. బోర్డు చైర్మన్ వెండెల్ స్ట్రేలీ ఆమెతో బళ్లో చదువుకున్నవాడే.

"చూడు వెర్లీన్, ఇది చిన్న పొరపాటు. నువ్వెవరో డెరెల్‌కి తెలీదు. నీకు ఇల్లుంది, ఉద్యోగముంది, పన్ను కడుతున్నావు. ఆ మాట ఇక్కడ చెప్పు, నీ మీద నిషేధం ఇప్పుడే తీసేస్తాం. భోజనం వేళకి అందరం ఇళ్లకి పోతాం."

"రూల్ ఉంటుందా?" అంది వెర్లీన్.

"రూల్ నీలాంటివాళ్ల కోసం పెట్టింది కాదు తల్లీ."

"మరెవరి కోసం పెట్టావు వెండెల్?"

"చైర్మన్ గారూ అనాలి ఇక్కడ."

"ఎవరి కోసం పెట్టావు చైర్మన్ గారూ?"

హాల్లో నవ్వులు. వెండెల్ కాగితాలు సర్దుకున్నాడు. అప్పుడు మెరిక్ లేచాడు. తన గుడారం తెచ్చాడు. టిన్నీ షీటు పక్కన దాన్ని నేల మీద పరిచాడు. ముందువరస వాళ్లు మెడలు చాచి చూశారు. ఏది ఏదో ఎవరికీ వెంటనే తేలలేదు.

"సార్, ఆ రాత్రి వీటిలో ఒకటి ఉండొచ్చన్నారు, ఒకటి ఉండకూడదన్నారు. నాది ఎందుకు సరైందో చెప్పండి," అన్నాడు మెరిక్.

బోర్డు వాళ్లు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. అరగంట పట్టింది. సిగ్గు పడి రూల్ తీసేస్తారని నేను అమాయకంగా అనుకున్నాను. వెండెల్ గొంతు సవరించుకుని చెప్పింది వినండి: తయారీదారు లేబులు ఉన్న గుడారాలకి రూల్ వర్తించదట. దుకాణంలో కొన్నదైతే ఇక ఇబ్బంది లేదట.

"లేబులా!" రెట్టా కుర్చీ మీంచి లేచింది. "లేబులేం ఖర్మ, ఆ షీటు తిరగేసి చూడు, ఈ చివర్నుంచి ఆ చివర దాకా కంపెనీ పేరే! నీ చొక్కాకి కూడా అన్ని అక్షరాల్లేవు!"

హాలంతా గొల్లుమంది. డెరెల్ కూడా నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. వెండెల్ బల్ల మీద కొట్టాడు.

"అది ఇంటికి చుట్టేది, మనిషికి కాదు!" అన్నాడు వెండెల్.

నేను ఈ మాట మర్చిపోలేను. ఇంటి గోడకి వాన తగలకూడదని చుట్టుకోవచ్చు. ఆ గోడ లోపల మనిషి లేకపోయినా పర్లేదు. మా కొండ పక్క విడిది ఇళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటాయి, వాటి ఒంటి నిండా అదే షీటు. మనిషి మీద వాన పడుతుంటే అదే షీటు నేరం!

మెరిక్ వెర్లీన్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "నా గుడారం తీసుకోండి. నిజంగానే. లేబులుంది. వచ్చే నెల మీరు పైన ఉంటారు."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది, అలవాటు పోదుగా. "నాదాని కంటే తేలిక," అంది. ఆమె ముఖంలో ఆశ కనిపించలేదని నేను చెబితే అబద్ధం. ఆ ముడుచుకున్న గుడ్డలో ఆమె పన్నెండు శనివారాలూ ఉన్నాయి. కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత తిరిగి ఆయన చేతుల్లో పెట్టింది.

"మీ మనసు మంచిది బాబూ. ఇది మీ దగ్గరే ఉంచుకోండి." వెండెల్ వైపు తిరిగింది. "నాకు ఇల్లుందో లేదో నేను చెప్పను. కొండ మీద పాతిన బోర్డులో నడిచి వచ్చినవాళ్లని రాసుంది. నేను నడిచి వచ్చాను. అంతే చెప్తా."

"అలాగైతే నిషేధం ఉంటుంది వెర్లీన్. నా చేతుల్లో లేదు."

"నీ చేతుల్లోనే ఉంది వెండెల్. సారీ అయితే నేను చెప్పను ఈసారి."

నడుము పట్టుకుని, మెల్లగా, హాలు మధ్య నుంచి బయటికి నడిచింది. రెట్టా వెనకాల తిట్టుకుంటూ వచ్చింది. "పిచ్చిదానా, మొండిదానా, ఊరికే వచ్చేది పోగొట్టుకున్నావు కదే!" అంటూనే ఆ షీటు మడత పెట్టి చంకలో పెట్టుకుంది, ఎవరైనా తొక్కుతారేమోనని.

అప్పటి నుంచి ఏం జరుగుతోందో ఇప్పుడు చెబుతాను.

నవంబరు సెలవు శనివారం నాడు వెర్లీన్ ఎప్పటిలాగే సంచీ సర్దుకుంది. చాప, బొంత, షీటు, పొయ్యి, దుంప పొడి. అడవి గేటు దాకా నడిచింది. గేటు ఇవతల రోడ్డు వారన రాళ్ల గోడ ఉంది, అది కౌంటీ అడవి కాదు. దాని మీద కూర్చుంది. డబ్బా పొయ్యి వెలిగించి నీళ్లు కాచుకుంది. కొండ వైపు చూస్తూ ముద్ద తిన్నది. పొద్దు గూకేవేళకి లేచి ఇంటికి పోయింది, బజర్ మోగే ఇంటికి. డిసెంబరులోనూ అంతే. జనవరిలో మంచు పడ్డా అంతే. సంచీలో పడక మొత్తం ఎందుకు మోసుకెళతావని రెట్టా అడిగితే, "ఏమో, గేటు తీస్తే?" అన్నది.

డెరెల్ ఆ గేటు దగ్గరే ట్రక్కులో కూర్చుంటాడు. జనవరిలో అద్దం దించాడు. "ఇక్కడ చలిగా ఉందండీ," అన్నాడు. అండీ అన్నాడు, గమనించారా?

"పైన గాలి తక్కువ డెరెల్, చెట్లు ఆపుతాయి. నీకు తెలుసుగా," అంది ఆమె. టీ కావాలా అని అడిగింది. అతను వద్దన్నాడు, అద్దం మాత్రం పైకి ఎత్తలేదు.

ఇక నేను అడగదలుచుకున్నది. కొండెక్కే మనవాళ్లకి ముందు చెబుతున్నాను. ఆ హాలు నుంచి బయటికొచ్చాక మీలో చాలామంది నాతో ఒకే మాట అన్నారు: "అయ్యో, ఆవిడ అలాంటి మనిషి కాదు కదా, నిజంగా నడిచే మనిషి కదా." దయచేసి ఆ మాట మానేయండి. ఆ మాట ఆమెకి గేటు తెరుస్తుంది, ఏటి పక్క నుంచి వచ్చినవాళ్ల మొహాన వేస్తుంది. తను పోగొట్టుకున్న శనివారాలతో ఆమె ఆ మాటకి అడ్డం నిలబడింది. మీరు వెళ్లి ఆమె పక్కన నిలబడి వాళ్ల మొహాన గేటు వేయకండి.

మార్చిలో ఆ రూల్ మళ్లీ బోర్డు ముందుకి వస్తోంది. మాట్లాడదలుచుకున్న ఎవరికైనా అవకాశం ఇవ్వాలి, అది చట్టం. కిందటిసారి మేము నవ్వాం, ఆనందించాం, ఇంటికి పోయాం. ఈసారి నవ్వడానికి రావద్దు. మీరు దేని కింద పడుకుంటారో అది పట్టుకుని రండి. కుట్టుకున్నదైతే తీసుకురండి. కొన్నదైతే లేబులు కత్తిరించి తీసుకురండి, ఎలాగూ బరువు తగ్గించుకోవడానికి పట్టీలు కత్తిరించే చేతులేగా మనవి. ట్రెయిలర్ల స్థలం నుంచి వెళ్లినవాళ్లలో మీకు తెలిసినవాళ్లుంటే బండిలో ఎక్కించుకుని రండి, ముందు వరసలో కూర్చోబెట్టండి. మైకు దగ్గర ఒక్క వాక్యం చాలు: నడిచి వచ్చిన ఎవరైనా పడుకోవచ్చు అన్న పాత బోర్డే ఉంచండి, ఆ కొత్త రూల్ కొట్టేయండి.

అప్పటిదాకా, ఈ నెల ఆఖరి శనివారం ఆమె మళ్లీ ఆ గోడ మీద ఉంటుంది. గోడ పొడుగ్గా ఉంది, చాలామందికి చోటు చాలుతుంది. ఇనప పెనం ఇంట్లో వదిలి, గిన్నె ఒకటి పట్టుకుని రండి. వచ్చి ఆమె పక్కన కూర్చోండి.